చెవిలో ఆలస్యంగా వచ్చిన గొంతు

4, మంగళవారం

మాట్లాడొద్దన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇన్నేళ్లూ ప్రసంగానికి ముందు ఓ చీటీ మీద రెండు మూడు మాటలు గీసుకుని లేచేవాణ్ణి, మిగతాది నోరే చూసుకునేది. ఇప్పుడు ఆ నోటికే సెలవిచ్చారు.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి గొంతు లోపలంతా తెర మీద చూపించింది. గడ్డ సరిగ్గా స్వరపేటిక మీదే కూర్చుంది. ఇరవై అయిదున తీసేస్తారట, గడ్డతో పాటు పేటికనీ. తరవాత మాటెలా అని మా ఆవిడ అడిగింది. ఏదో ఒక దారిలో మాటంటూ వస్తుంది గానీ ఈ గొంతు మాత్రం ఇక రాదమ్మా అంది డాక్టరమ్మ. అంతవరకు రోజుకు కాసేపు, మెల్లగా, అవసరమైతేనే మాట్లాడాలట. ఒత్తిడి పడి వాచిందంటే ఊపిరి ఆడదని కూడా చెప్పింది.

ఏం పని చేస్తారని అడిగితే మా ఆవిడే జవాబిచ్చింది.

"మోటార్లకి వైండింగ్ చేస్తారండీ. ఆదివారాలు ప్రసంగం చేస్తారు."

"ప్రసంగమంటే మెల్లగానేనా?"

"లేదండీ, అరిచే ప్రసంగం."

సాయంత్రం సంఘం పెద్దాయన ఇంటికి వచ్చాడు. రంగుల దుకాణం మీది హాల్లో మేం కూడుకోవడం మొదలైనప్పటినుంచి ఆయనా నేనూ ఉన్నాం. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. "ఇరవై అయిదు లోపల నీ సాక్ష్యం, దేవుడు నీకు చేసిందంతా, రికార్డు చేసి పెట్టు. నువ్వు మాట్లాడలేని రోజున అదే మాట్లాడుతుంది" అన్నాడు.

"నా తమ్ముడి దగ్గర రికార్డింగు గది ఉందిగా" అంది మా ఆవిడ. నేను పలక మీద వద్దు అని రాసి, కింద గీత కొట్టాను. పెద్ద కూటంలో, నిండు సభలో, నన్ను అడగకుండా నా మైకు తగ్గించినవాడు వాడు.

ఆఫీసువాళ్లు పారేస్తుంటే తెచ్చుకున్న కంప్యూటరు ఉంది. దానిలో ఉచితంగా దొరికే లైనక్స్ సిస్టం నా చేతులతో నేనే ఎక్కించుకున్నాను. మోటారు విప్పి చుట్టగలిగినవాణ్ణి ఇది చెయ్యలేనా.

5, బుధవారం

మైకు, హెడ్‌ఫోన్స్, సౌండుకార్డు బిగించాను. రికార్డయింది. వింటే మాట మాటకీ టక్, టక్. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టుంది.

7, శుక్రవారం

రెండు రోజులు చదివితే సంగతి తెలిసింది. యంత్రం గొంతుని నీళ్లలా మోస్తుంది. చెంబుతో మోస్తే నీళ్లు వెంటనే అందుతాయి గానీ అస్తమానం పరిగెత్తాలి, మధ్యలో ఎవరైనా పిలిచి ఆపితే ఒలికిపోతాయి. ఆ ఒలికిందే టక్. బిందెతో మోస్తే ఒలకదు, కాకపోతే బిందె నిండేదాకా ఆగాలి. దీన్ని వాళ్లు బఫర్ అంటారు. నాకు చెంబూ బిందే చాలు.

బిందె పెట్టాను. టక్‌లు పోయాయి. కానీ హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు నాకు ఆలస్యంగా వస్తోంది. నేనన్న మాట, నేను ఇంకో మాటలో ఉండగా వెనకనుంచి వచ్చి భుజం తడుతోంది. చికాకు పుట్టి ఆపేశాను. చికాకు తప్ప మరేం లేదు.

దీనికి రియల్‌టైమ్ కెర్నల్ కావాలట. కెర్నల్ అంటే యంత్రానికి గుండె లాంటిది. ఇప్పుడున్నది పెద్దమనిషి తరహా: గడియారం అడిగితే గడియారానికి, వైఫై అడిగితే వైఫైకి, అందరికీ తలా కాస్త సమయం పంచుతుంది. రియల్‌టైమ్‌ది అలా కాదు. గొంతు వచ్చిందంటే చేతిలో ఉన్నది కింద పడేసి లేస్తుంది. ప్రభువు పిలవగానే వలలు వదిలేసి లేచిన జాలరుల్లా. ఇది ప్రసంగానికి బాగా పనికొస్తుందనుకున్నాను. తరవాత గుర్తొచ్చింది, ఇక ప్రసంగాలు లేవని.

9, ఆదివారం

హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. నా స్థలంలో పెద్దాయన నిలబడి మాట్లాడాడు. ఆయనెప్పుడూ గ్రంథంలోకి చూస్తూ, పక్కవాడితో చెప్పుకున్నట్టు మాట్లాడతాడు. నా చెయ్యి రెండుసార్లు బల్ల మీద పడింది, చప్పుడు కాకుండా ఆపుకున్నాను. చివర్లో అందరూ వచ్చి ఎలా ఉందని అడిగారు. నేను తలూపాను, మా ఆవిడ బదులిచ్చింది. "తిండి బాగానే తింటున్నారు, అలక కూడా బాగానే ఉంది" అని ఒకరికి చెప్పడం విన్నాను.

గ్రంథంలో, దేవాలయంలో మాట పడిపోయిన ముసలి యాజకుడు కూడా పలక అడిగి తెప్పించుకుని రాశాడు. ఆయనది దూత మాట నమ్మనందుకు పడ్డ శిక్ష. నాది గడ్డ అంటోంది డాక్టరమ్మ.

10, సోమవారం

కొత్త కెర్నల్ ఎక్కించాను. యంత్రం లేవలేదు. నల్ల తెర, మూలన ఓ గీత మిణుకు మిణుకుమంటోంది. మధ్యాహ్నందాకా దాని ముందు కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి నా భుజం మీదనుంచి చూసి, ప్రార్థన చేస్తున్నారా, చూస్తున్నారా అని అడిగింది. రెండూ అని రాశాను.

చివరికి పాత కెర్నల్‌నే ఎంచుకుని లేపాను. తెరకి సంబంధించిన ఏదో ముక్క కొత్తదానికి సరిపడలేదట. అలా అని ఒకాయన ఎక్కడో రాసి పెట్టాడు. ఆయనెవరో తెలియదు గానీ ఆయన ఇంటికి శాంతి సమాధానం కలగాలి.

12, బుధవారం

లేచింది. కొత్త కెర్నల్‌కి తెర వచ్చింది. సంతోషం.

చెంబు పెట్టి పరీక్షించాను. హలో. హలో, చెక్. టక్‌లు ఏమాత్రం తగ్గలేదు. ఏదో మార్చి మళ్లీ హలో. ఇంకేదో మార్చి మళ్లీ. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"డాక్టరమ్మ ఇచ్చింది రోజుకి కాసిని మాటలు. ఆ కాసినీ దానికే పోస్తున్నారు. పెళ్లయినప్పటినుంచి నాకు చెప్పని హలోలన్నీ ఆ డబ్బాకి చెబుతున్నారు."

జవాబు రాద్దామని పలక తీశాను. తనేమో అప్పటికే వెళ్లిపోయింది. రాసింది చెరిపేశాను.

ఆవిడకి తెలియదు. నేను లేని రోజున, కాదు, నేనుండి మాట లేని రోజున, ఆ సాక్ష్యం ఒక్కటే మిగులుతుంది. అది శుభ్రంగా ఉండాలి. ఒక్క టక్ కూడా ఉండకూడదు.

13, గురువారం

ఈ రోజు ఎవరితోనూ ఒక్క మాట లేదు. హలో కూడా.

15, శనివారం

ఇవాళ నవ్వొచ్చింది. గొంతుతో నవ్వకూడదు కాబట్టి పొట్టతో నవ్వాను.

నీ కెర్నల్ పేరేమిటని యంత్రాన్ని అడిగే ఆజ్ఞ ఒకటుంది. బుధవారంనుంచి నేను అడగలేదు. ఇవాళ అడిగితే పాత పేరే చెప్పింది. కొత్తది ఎక్కింది నిజమే, ఆపి లేపిన ప్రతిసారీ పాతదే ముందుకొచ్చి కూర్చుంటోంది. ఇన్ని రోజులూ కొత్తదనుకుని పాతదాన్ని తిడుతూ పరీక్షించాను. ఎంతమందిని చూశాను, నీళ్లలో మునిగి లేచి కొత్త మనిషినయ్యానని సాక్ష్యమిచ్చి సోమవారానికల్లా పాత మనిషిగా నడిచేవాళ్లని. వాళ్లని బల్ల గుద్ది మరీ తిట్టాను. పేరు అడిగి చూడమని ఒక్కసారి చెప్పలేదు.

ముందు లేవాల్సింది కొత్తదేనని యంత్రానికి రాసి పెట్టాను. తెల్లారి పరీక్షించాలి.

ఇంకో సంగతి. రాయకూడదనుకున్నాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు కదా.

శుక్రవారం బిందె పెట్టిన రోజున ఆపేసింది చికాకు వల్ల కాదు. 'నేను చిన్నప్పుడు' అని మొదలుపెట్టాను. 'నే' దగ్గర ఆగిపోయింది. నే, నే, నే. హెడ్‌ఫోన్స్‌లో వెనకనుంచి నా నే నాకే వచ్చి తగిలింది, ముందుది కదల్లేదు. మళ్లీ ప్రయత్నించాను, 'చి' దగ్గర ఆగింది. ఈ గదిలో ఎవరూ లేరు, తలుపు వేసి ఉంది. అయినా వెనక్కి తిరిగి చూశాను.

నా సాక్ష్యమే అది. చిన్నప్పుడు నాకు నత్తి. బడిలో పేరు పిలిస్తే నేను ఉన్నానని చెప్పేలోపు పంతులు గైరుహాజరు వేసేవాడు. ఇంట్లో నా మాటలు అక్క చెప్పేది. పద్దెనిమిదేళ్లప్పుడు ఓ కూటంలో ఎవరో తెలియక నా చేతికి గ్రంథమిచ్చి చదవమన్నారు. లేచాను. ఏ మాట దగ్గరా ఆగలేదు. ఆ రోజునుంచి ఈ నోరు మూతపడలేదు. దీన్ని ఎన్ని హాళ్లలో, ఎన్ని మైదానాల్లో చెప్పానో. దేవుడి నిప్పు పెదవుల మీద పెట్టించుకున్న ప్రవక్తలా చెప్పేవాణ్ణి.

ఇప్పుడు ఏ నోటితో చెప్పేది? ఇచ్చినాయనే తీసుకుంటున్నాడా? గొంతు తీసుకునే ముందు ఇదెందుకు?

అందుకే చెంబు కావాలి. గొంతు వెనక పడకుండా వెంటనే చెవిలో పడాలి. అప్పుడు ఆగదు.

16, ఆదివారం

హాలుకి వెళ్లలేదు. తలనొప్పి అని రాసి చూపించాను. తలనొప్పి లేదు.

18, మంగళవారం

యంత్రం లేచేటప్పుడు కొత్తదాన్నే చేత్తో ఎంచుకుని, పేరు అడిగాను, కొత్త పేరే చెప్పింది. తేడా ఉంది. వడగళ్లు ఆగి తుంపర పడుతున్నట్టు, అప్పుడో టక్ ఇప్పుడో టక్. వైఫై తీసేశాను, కొంత తగ్గింది. సౌండుకార్డుకి అందరికంటే ముందు పిలుపు అందేలా పెట్టాను, ఇంకాస్త తగ్గింది.

మధ్యాహ్నం ఆసుపత్రి. డాక్టరమ్మ గొట్టం దింపి చూసి మొహం చిట్లించింది. పోయినసారి కంటే వాచిందట. ఎవరితో అంత మాట్లాడుతున్నారని మా ఆవిణ్ణి నిలదీసింది. మా ఆవిడ ఎంతో నిదానంగా చెప్పింది.

"నాతో కాదండీ. ఓ డబ్బాకి హలో అంటారు. అది పలకదు. మళ్లీ హలో అంటారు."

డాక్టరమ్మ నా వంక చూసింది. నేను పలక వంక చూశాను. ఇకమీదట అది కూడా వద్దు, మరీ ముఖ్యమైంది ఏదైనా ఉంటే ఒక్కసారి చెప్పుకోండి అంది.

బస్సులో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం నా సంచీ కూడా తనే పట్టుకుంది.

19, బుధవారం

అయింది.

మూల కారణం నా బల్ల కిందే ఉంది. మైకూ పాత కీబోర్డూ ఒకే పక్కన గుచ్చాను, రెండూ ఒకే దారిలో తోసుకుంటున్నాయి. మైకుని వెనక వైపుకి మార్చాను. చెంబే పెట్టి, పొద్దున్నంతా యంత్రానికి వేరే బరువు పనులు కూడా అప్పగించి చూశాను. ఒక్క టక్ లేదు. వేలితో మైకుని తడితే చెవిలో అప్పుడే, తడుతూ ఉండగానే వినిపించింది. ఇన్నాళ్ల కష్టానికి ఫలం. మోకరించి కృతజ్ఞత చెప్పుకున్నాను.

తలుపు వేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'నేను చిన్నప్పుడు' అని మొదలుపెట్టాను.

నే, నే.

యంత్రం బాగైంది.

20, గురువారం

గ్రంథం తెరవలేదు. అది బల్ల మీదే ఉంది. దాని మీద హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. తీయడానికి కూడా చెయ్యి లేవలేదు.

మా ఆవిడ రెండుసార్లు వచ్చి ఏదో అడిగి వెళ్లింది. ఆపరేషనుకి భయపడుతున్నానని అనుకుంటోంది. అనుకోనీ.

21, శుక్రవారం

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున కరెంటు పోయి వచ్చింది. యంత్రం దానంతటది లేచింది. నేను స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ ఆ గదిలో బల్ల తుడుస్తోంది. తుడుస్తూ తుడుస్తూ హెడ్‌ఫోన్స్ ఎందుకో చెవులకి పెట్టుకుంది. మైకు ముందు వంగి, నన్ను వెక్కిరిస్తున్నట్టు గొంతు పెద్దది చేసి "ప్రియ సహోదరులారా" అనబోయింది.

"ప్రి, ప్రియ, స, సహో, సహో" అని ఆగిపోయింది.

మళ్లీ అంది, మళ్లీ ఆగింది. తీసి ఓసారి హెడ్‌ఫోన్స్ వంక చూసి, మళ్లీ పెట్టుకుని "ఏ, ఏవం, ఏవండీ" అంది. ఈసారి నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుని వంగిపోయింది. గుమ్మంలో నన్ను చూసి ఇంకా నవ్వింది.

"ఇదేం డబ్బా అండీ, నాకు నత్తి తెప్పించింది. నాకెప్పుడుందండీ నత్తి?"

నేను వెళ్లి తెర చూశాను. పేరు అడిగాను. పాత పేరు. నా చేత్తో రాసి పెట్టిన దాన్లో ఒక అక్షరం తప్పు పడింది. మంగళవారం చేత్తో ఎంచి లేపాక యంత్రాన్ని మళ్లీ ఆపలేదు కాబట్టి నడిచిపోయింది. కరెంటు పోగానే పాత మనిషి లేచి వచ్చాడు, పాత బిందెతో సహా.

ఆవిడ ఇంటిల్లిపాదికీ గడగడా మాట్లాడే మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట దగ్గర తడబడ్డది లేదు.

మేడ మెట్ల మీదకి వెళ్లి కూర్చున్నాను. కింద వీధిలో ఎవరో కుర్చీలు దింపుతున్నారు. చాలాసేపు చూశాను. అంటే అది నా నోరు కాదు. ఎవరి గొంతైనా వాళ్లకి వెనకనుంచి వస్తే అంతేనన్నమాట. నేను దేవుణ్ణి నిలదీశాను. ఒక బిందె విషయమై.

మరి చెంబు పెట్టాక కూడా ఎందుకు ఆగింది? అప్పటికి భయం నోట్లోకి దిగింది. దాన్ని దింపింది నేనే.

కిందకొచ్చేసరికి మా ఆవిడ ఫోన్లో ఉంది. నన్ను చూసి పెట్టేసింది. ఎవరని రాశాను.

"నా తమ్ముడు. వద్దని రాసేలోపు చెప్పేశాను, రేపు వస్తున్నాడు. గీత కూడా కొట్టుకోండి, కావాలంటే."

22, శనివారం

వచ్చాడు. లావయ్యాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ "బాగున్నావా బావా" అని, నేను మాట్లాడలేనని గుర్తొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను తీసెయ్యలేదు.

గదిలోకి వచ్చి అంతా చూశాడు. వైర్లు, మైకు మార్చిన చోటు, వైఫై తీసేసిన సంగతి. కెర్నల్ పేరు చూశాడు. నిన్ననే తప్పు దిద్దాను, కొత్తదే ఉంది. "ఇదంతా నువ్వే చేశావా బావా? మా గదిలో కూడా ఇంత శుభ్రంగా లేదు" అన్నాడు. లోపల ఎక్కడో చల్లగా తగిలింది, దాచుకున్నాను.

తరవాత అడిగాడు. "పాట పాడుతున్నావా?"

లేదని తలూపాను. సాక్ష్యం అని రాశాను.

"వెనకాల సంగీతం ఏమైనా ఉందా? దాంతో కలిసి చెప్పాలా?"

లేదు.

"మరి నీ చెవిలో నీ గొంతు ఎందుకు బావా?"

నేను పలక పట్టుకుని కూర్చున్నాను.

"పాట మీద పాట పాడేవాళ్లకి ఇవన్నీ కావాలి, ఈ కెర్నలూ గట్రా. వాళ్లు వింటూ పాడాలి కాబట్టి ఆలస్యం కాకూడదు. ఒక్కడివే కూర్చుని మాట్లాడేదానికి ఎంత పెద్ద బఫర్ పెట్టినా ఒకటే. గొంతు తాపీగా లోపలికి వెళ్తుంది, నీకేం? హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టు." అని నా వైపు తిరిగి, "నీ గొంతు నువ్వు వినకుండా మాట్లాడలేవా?" అన్నాడు.

వెక్కిరింపేమో అని మొహం చూశాను. కాదు. నిజంగానే అడిగాడు.

అప్పుడు రాశాను. ఇన్నాళ్లూ అడగనిది. ఆ రోజు పెద్ద కూటంలో నా మైకు ఎందుకు తగ్గించావు?

చదివి, తన అక్క వంక చూశాడు. చెప్పరా అంది మా ఆవిడ.

"ముందు వరసలో ముసలమ్మలు చెవులు మూసుకున్నారు బావా. ఒకావిడ లేచి వెళ్లిపోయింది. నువ్వు కళ్లు మూసుకుని చెబుతున్నావు, చూళ్లేదు. తగ్గించాక చేతులు దించారు. నువ్వు చెప్పిన దాంట్లో సగం వాళ్లకి అప్పుడే వినబడింది."

మా ఆవిడ వంక చూశాను. ఆ రోజు ఆవిడ కూడా ముందు వరసలోనే ఉంది. చీర కొంగు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

గ్రంథంలో, నోటి మాంద్యం గలవాణ్ణని తప్పించుకోబోయిన కాపరికి దేవుడు సొంత అన్నని నోరుగా ఇచ్చాడు. నాకు బావమరిదినిచ్చాడు. ఆయన హాస్యం నాకు ఎప్పుడూ ఆలస్యంగానే అర్థమవుతుంది.

వెళ్లేటప్పుడు సోమవారం ఆసుపత్రికి తన బండిలో తీసుకెళ్తానన్నాడు. సరేనని రాశాను. గీత కొట్టలేదు.

23, ఆదివారం

పొద్దున గొంతు చాలా సన్నంగా ఉంది. లేవగానే దగ్గితే బయటికొచ్చిన చప్పుడు నాది కానట్టుంది.

అందరూ హాల్లో ఉన్న వేళకే కూర్చున్నాను. బిందె పెట్టాను. హెడ్‌ఫోన్స్ తీసి అలమరలో పెట్టి తలుపు మూశాను. మైకు దగ్గరికి జరిగి, పక్కవాడితో చెప్పుకున్నట్టు మొదలుపెట్టాను. 'నేను' వచ్చింది. ఒక ఊపిరిలో అంతే వచ్చింది, కాబట్టి అంతే చెప్పి ఆగి, మళ్లీ. అరవడానికి గొంతు లేదు. గుద్దడానికి చెయ్యి లేస్తే ఒళ్లో పెట్టుకున్నాను.

చిన్నప్పటి నత్తి చెప్పాను. కూటంలో చదివింది చెప్పాను. ఆ తరవాత రోజూ చెప్పే నిప్పూ ఉరుమూ చెప్పలేదు, ఊపిరి చాల్లేదు. ఈ మధ్య నా గొంతు నాకు ఆలస్యంగా వినిపించి, నత్తి తిరిగొచ్చిందని వణికిపోయానని, ఇచ్చినదాన్ని ఆయన వెనక్కి తీసుకుంటున్నాడని నమ్మి మూడు రోజులు గ్రంథం మూసి పెట్టానని చెప్పాను. గాలీ నిప్పూ పోయాక దేవుడి చిన్న స్వరం వస్తుందని ఎన్నిసార్లు అరిచి చెప్పానో, అదొక్కసారి మెల్లగా చెప్పాను. అక్కడ ఆగింది. సాక్ష్యం ఇంత చిన్నదిగా నేనెప్పుడూ చెప్పలేదు.

రెండు చోట్ల తడబడ్డాను. వాటిని తీయలేదు.

హాలునుంచి పెద్దాయన వచ్చి విన్నాడు. చివరిదాకా తల వంచుకునే ఉన్నాడు. "నువ్వు ఇంత దగ్గరగా మాట్లాడటం ఇదే వినడం" అని, కాపీ జేబులో వేసుకుని వెళ్లాడు.

24, సోమవారం

సంచీ సర్దడం అయింది. బావమరిది బండి కింద ఉంది. డాక్టరమ్మ చెప్పిన వేళకి ఇంకా సమయం ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇక ఈ చేత్తోనే మాట్లాడాలి, అలవాటవుతుంది.

పొద్దున మా ఆవిడ ఆ గదిలోకి వచ్చి నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"సంఘానికి సాక్ష్యం ఇచ్చారు. డబ్బాకి హలోలు ఇచ్చారు. నాకేం లేదా?"

ఏం కావాలని రాశాను. వాక్యం చదవమంటుందేమో, ప్రార్థన చెయ్యమంటుందేమో అనుకున్నాను. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది.

"షాపునుంచి వచ్చి గేటు తీస్తూ పిలుస్తారే. అది."

నాకు వెంటనే అందలేదు. ఎలా పిలుస్తానో నాకు తెలియదు. నేనెప్పుడూ వినలేదు దాన్ని.

"నేను వంటింట్లో ఉంటాను. ఎప్పట్లాగే పిలవండి. గట్టిగా వద్దు" అని లేచి వెళ్లింది.

బావమరిది మెల్లగా వచ్చి రికార్డు నొక్కాడు. మైకుని నా నోటికి కాకుండా గది మధ్యలోకి తిప్పాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఉన్న ఊపిరంతా కూడగట్టాను.

"ఇదిగో."

"ఆఁ, వస్తున్నా" అంది వంటింట్లోంచి. గరిటె పక్కన పెట్టిన చప్పుడు. అడుగులు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

బావమరిది చెవులకి పెట్టుకుని విన్నాడు. ఒక్క చోట టక్‌మందని, గరిటెదనీ, తీసేస్తే శుభ్రంగా ఉంటుందనీ మెల్లగా అన్నాడు, వేలు మీట మీద పెట్టి.

నేను వాడి చెయ్యి పట్టుకుని తలూపాను, వద్దని.